ఆదివారమే నింపిన బుధవారం

అబద్ధం రాసిన పదకొండేళ్ళూ ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టారు. నిజం రాయడం మొదలుపెట్టిన తొమ్మిది వారాలకు ఆమె పేరు కొట్టివేశారు. జరిగిన అన్యాయం ఇంతే. దీన్ని నిరూపించడానికి వాదోపవాదాలు అక్కరలేదు, కాగితాలు చాలు. వారానికొకటి చొప్పున ఆమె ఇచ్చిన పట్టికల నకళ్ళు, మండలి పంపిన తొలగింపు ఉత్తరం, ఆమె రాసిన మూడు ఉత్తరాలు, అవి చేరినట్టు తపాలా రసీదులు, అన్నీ ఒక అట్టపెట్టెలో తేదీల వరుసన భద్రంగా ఉన్నాయి.

ఆమెను ఆసుపత్రిలో అందరూ ఆవిరక్క అంటారు. ఆపరేషన్లకు వాడిన కత్తులూ కత్తెరలూ కడిగి, ఆరబెట్టి, మూటలు కట్టి, ఆవిరి యంత్రంలో పెట్టి శుద్ధిచేసే గదిలో ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తోంది. భవనం అడుగున, కిటికీ లేని గది అది. లోపలికి అడుగుపెట్టిన వాళ్ళకు రెండు నిమిషాల్లో చొక్కా వీపుకి అతుక్కుపోతుంది. ఆవిరక్క మాత్రం అక్కడ చెట్టు నీడన కూర్చున్నంత నిమ్మళంగా పని చేసుకుంటుంది. ప్రతి కత్తెరనూ దీపానికి ఎత్తి, కీలు బిగుసుకుందేమో చూస్తుంది. ప్రతి పట్టుకారునూ మూసి తెరిచి, పళ్ళు కలుస్తున్నాయో లేదో చూస్తుంది. తర్వాత రెండు పొరల ఆకుపచ్చ గుడ్డలో చుట్టి పైన ఒక పట్టీ అంటిస్తుంది. ఆవిరి తగిలితే ఆ పట్టీ మీద నల్లచారలు తేలతాయి. అయితే పైన చారలు తేలినంత మాత్రాన లోపలికి వేడి దిగిందని నమ్మడానికి లేదు. అందుకని మూట నడిబొడ్డున, కత్తుల పక్కనే, మరో చిన్న కాగితపు ముక్క పెడతారు. డాక్టరు ముందు మూట విప్పినప్పుడు ఆ లోపలి ముక్క రంగు మారి ఉంటేనే ఆ కత్తి మనిషి ఒంటిని తాకడానికి పనికొస్తుంది.

ఒకసారి ఆమెతో పనిచేసే మనిషి, యంత్రం తలుపు మూయకుండానే రిజిస్టరులో ‘పూర్తయింది’ అని రాసేశాడు. తొందరగా ఇంటికి పోవాలని అతని ఆత్రం.

“ఏం బాబూ, వంట కాకముందే త్రేన్చేశావా?” అంది ఆవిరక్క.

“ఎలాగూ అయ్యేదే కదక్కా.”

“అయ్యేదాన్ని అయ్యాక రాస్తారు. ముందే రాస్తే దాన్ని జోస్యమంటారు. మనది జ్యోతిష్యాలయం కాదు.”

ఆ రిజిస్టరు తీసుకెళ్ళి పెద్ద నర్సు ముందు పెట్టింది. ఆ మనిషి మూడు నెలలు ఆమెతో మాట్లాడలేదు. ఆమె లక్ష్యపెట్టలేదు. కడుపు కోసే కత్తి విషయంలో మొహమాటం పనికిరాదన్నది ఆమె నమ్మకం.

అంతటి మనిషి తన అంతరాత్మ విషయంలో ఏం చేసిందో చెప్పుకోవాలి. ఇందులో ఆమె తప్పును దాచే ఉద్దేశం లేదు. ఆమె దాచలేదు కనుకనే ఈ కథ రాయవలసి వచ్చింది.

ఊళ్ళో పుస్తకాల కొట్టు పైఅంతస్తులో ఆత్మశోధన మండలి ఉంది. ఆదివారం ఉదయం నూటయాభై మంది చాపల మీద కూర్చుని గంటసేపు మౌనంగా ఉంటారు. ప్రతి సభ్యుడూ వారం వారం ఒక పట్టిక అందజేయాలి. అడ్డంగా ఏడు రోజులు, నిలువుగా తొమ్మిది ప్రశ్నలు, మొత్తం అరవై మూడు గడులు. తెల్లవారకముందే లేచి మౌనంలో కూర్చున్నానా? పరుషంగా మాట్లాడానా? ఒకరి మేలు చూసి కుళ్ళుకున్నానా? శోకానికి లోబడ్డానా? ఇలా సాగుతుంది. నిలబడిన చోట టిక్కు, జారిన చోట ఇంటూ పెట్టాలి. పడుకోబోయే ముందు ఒంటరిగా కూర్చుని ఆ రోజు గడులు నింపాలని నియమావళి చెబుతుంది. ఆ పట్టికను ఊహించిన మహానుభావుడెవరో గాని, సదుద్దేశంతోనే ఊహించి ఉంటాడు.

చేరిన కొత్తలో ఆవిరక్క అలాగే నింపింది. ఒక వారం వరుసగా రెండు డ్యూటీలు పడి, నాలుగు రోజుల గడులు ఖాళీగా ఉండిపోయాయి. ముందు వరుసలో కూర్చునే పంతులమ్మ అది చూసి నవ్వింది.

“పిచ్చిదానా, రోజూ రాయడమెందుకే? ఆదివారం ఇంటికెళ్ళగానే వచ్చే వారానికి నింపేసుకో. ఇక వారమంతా ఆ టిక్కులకు తగ్గట్టు నడుచుకోవడమే. దాన్నే సంకల్పం అంటారు.”

మాట తియ్యగా ఉంది. పైగా చెప్పింది పదిమందికి చదువు చెప్పే మనిషి. మొదటి నెల ఆవిరక్క నిజంగానే టిక్కులకు తగ్గట్టు నడవాలని తంటాలు పడింది. రెండో నెల సగం పడింది. ఆ తర్వాత అన్నం తిని చెయ్యి కడుక్కున్నట్టు, ఆదివారం మధ్యాహ్నం అరవై మూడు టిక్కులు కొట్టి పట్టికను అలమరలో పెట్టేసేది. ఆ టిక్కులతోనే ముందు వరుసలోకి వచ్చింది. తాను మోసం చేస్తున్నానని ఆమెకు ఒక్కనాడూ తోచలేదు. ఇది నమ్మశక్యంగా ఉండకపోవచ్చు. కానీ అబద్ధానికి సంకల్పమనే మంచి పేరు పెట్టి ఇంట్లోకి తెచ్చుకున్నాక, అది అబద్ధంలా కనిపించడం మానేస్తుంది.

ఆరేళ్ళ కిందట భర్త పోయాక, ఇంట్లో ఆవిరక్కా, ఆమె ఆడబిడ్డా మిగిలారు. ఆడబిడ్డ ముప్ఫై ఏళ్ళు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దింది, పెళ్ళి చేసుకోలేదు. అంత సన్నని అక్షరాలను అన్నేళ్ళు వెంటాడిన కళ్ళు రెండేళ్ళుగా మసకబారుతున్నాయి. చూపు తగ్గినా నాలుక పదును తగ్గలేదు. వదినా మరదళ్ళు పగలంతా ఒకరినొకరు దెప్పుకునేవాళ్ళు, అయినా ఒకరు లేకుండా రెండోవారికి ముద్ద దిగేది కాదు.

ఒక బుధవారం ఆసుపత్రిలో యంత్రం మొరాయించింది. రెండు రోజుల పని ఒక్కరోజులో నెత్తిన పడింది. నడుం విరిగినట్టయి ఆవిరక్క సాయంత్రం ఇల్లు చేరి చెప్పులు విప్పుతుంటే, లోపలి గదిలోంచి ఆడబిడ్డ పిలిచింది.

“వదినా, నా గదిలో బల్బు డల్ అయినట్టుంది. మార్చవూ?”

ఆవిరక్క గుమ్మంలోంచి చూసింది. బల్బు దేదీప్యమానంగా వెలుగుతోంది.

“బల్బుకేం రోగం? పోయింది నీ కళ్ళు. గుడ్డిదానికి ఏ బల్బయితే ఏం?”

ఆడబిడ్డ గోడ తడుముకుంటూ వెళ్ళి స్విచ్చి ఆపింది.

ఇందులో దిగ్భ్రాంతి కలిగించేది ఆ మాట కాదు. అలసిన మనిషి నోట అంతకంటే పాడుమాటలు వస్తాయి. దిగ్భ్రాంతికరమైనది ఏమంటే, గంట తిరగకముందే ఆవిరక్క దాన్ని పూర్తిగా మరిచిపోయింది. ఆ బుధవారం గడిలో టిక్కు మూడు రోజుల ముందే పడి ఉంది. రాత్రి తిరిగి చూసుకోవలసినది ఏమీ మిగల్లేదు.

ఆదివారం నాడు ఆడబిడ్డ చెయ్యి పట్టుకుని ఆమె మండలికి వెళ్ళింది. మౌనం ముగిశాక, ప్రతివారంలాగే, అరవై మూడుకు అరవై మూడు వచ్చిన ఒక పట్టికను కార్యదర్శి మైకులో చదివాడు. ఆయన ఒకప్పుడు బడుల తనిఖీ అధికారి, అందరూ ఇన్‌స్పెక్టరుగారంటారు. ఆ వారం ఆవిరక్క వంతు వచ్చింది. ఆయన కంఠం ఖంగుమంటుంది. సోమవారం అయింది, మంగళవారం అయింది.

“బుధవారం. పరుషవాక్యం, లేదు.”

ఆడబిడ్డ ఆమె వైపు వంగి, చెవి దగ్గర నెమ్మదిగా అడిగింది.

“బుధవారం నువ్వు ఎవరింట్లో ఉన్నావు వదినా?”

ఆవిరక్కకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత ఆ సాయంత్రం, ఆ గుమ్మం, చేతిలోని చెప్పు, స్విచ్చి చప్పుడు, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. కార్యదర్శి గురువారం చదువుతున్నాడు. చుట్టూ తలలు మెచ్చుకోలుగా ఊగుతున్నాయి. ఆమెకు గురువారం తానేం చేసిందో గుర్తుకు రాలేదు. శుక్రవారం రాలేదు. మైకులో వినిపిస్తున్న ఆ శాంతమూర్తి ఎవరో తనకు బొత్తిగా పరిచయం లేని మనిషి.

ఇంటికి రాగానే ఆవిరక్క ఆడబిడ్డ వెంట ఆమె గదిలోకి వెళ్ళింది. పట్టపగలే తలుపులు మూసి చీకటిగా ఉంది.

“లైటు వేసుకోవేం అమ్మాయ్?”

“బుధవారం నుంచీ వెయ్యడం లేదు. ఏ బల్బయితే ఏం అన్నావుగా. కరెంటు మిగులుతోంది.”

నాలుగు రోజులు. ఒకే ఇంట్లో ఒక మనిషి నాలుగు రోజులు చీకట్లో కూర్చుంటే, ఆత్మపరిశీలనలో అరవై మూడు తెచ్చుకున్న మనిషికి కనబడలేదు.

“తప్పయిపోయింది అమ్మాయ్,” అంది ఆవిరక్క.

“ఏ తప్పు? పట్టికలో ఏమీ లేదుగా.”

ఆవిరక్క స్విచ్చి వేసి, మంచం పక్కన నేల మీద కూలబడింది. ఆసుపత్రిలో రిజిస్టరు పట్టుకుని ఆ మనిషిని నిలదీసిన తనే, పదకొండేళ్ళుగా యంత్రం తలుపు మూయకుండా ‘పూర్తయింది’ అని రాస్తూ వచ్చింది.

ఆ మర్నాటి నుంచి రోజూ పడుకోబోయే ముందు ఆనాటి గడులు రాయడం మొదలుపెట్టింది. మొదటి వారం ముప్ఫై ఒక్క మార్కులు వచ్చాయి. అయినా కొన్ని టిక్కుల మీద ఆమెకు అనుమానం పోలేదు. మూడో వారానికి, లోచూపు కొంచెం తేటపడేసరికి, అది ఇరవై రెండుకు పడిపోయింది. తెల్లవారుజామున లేచి కూర్చున్నది నిజమే గాని, కూర్చున్నంతసేపూ పెద్ద నర్సుకు చెప్పవలసిన జవాబు కట్టుకుంటూ ఉంటే దానికి టిక్కెలా పెట్టడం? ఇంటూ పెట్టింది. పక్కింటావిడ కొత్త కుట్టుమిషను చూసి గుండెలో కలుక్కుమంది. ఇంటూ.

“ఎంతొచ్చిందివాళ?” అని ఆడబిడ్డ రోజూ అడిగేది.

“తొమ్మిదికి రెండు.”

“మొదటి ప్రూఫు అంతేలే వదినా. ఎర్రసిరా ఎంత పడితే పుస్తకం అంత బాగుంటుంది.”

తొమ్మిదో వారంలో ఒక చిన్న సంగతి జరిగింది. ఎవరో సగం తుడిచిన కత్తెరలను తెచ్చి బల్ల మీద గుమ్మరించారు. ఆవిరక్కకు కోపం అరికాలి నుంచి లేచింది. అయితే ఈసారి అది లేవడం ఆమెకు తెలిసింది. వస్తున్న అతిథిని కిటికీలోంచి చూసినట్టు చూసింది, నోటిదాకా రాకముందే దారివ్వడం మానేసింది. “ఇవి మళ్ళీ కడగాలి, నీళ్ళు పట్టు,” అని మాత్రం అంది. ఆ రోజు కోపం గడిలో ఇంటూయే పెట్టింది, వచ్చింది కాబట్టి. కానీ ఆ ఇంటూ పెట్టేటప్పుడు ఆమె చెయ్యి తేలికగా ఉంది. ఆదివారం మౌనంలో కూర్చుంటే, పదకొండేళ్ళలో మొదటిసారి, లోపల నిజంగా నిశ్శబ్దంగా ఉంది. ఇక ఆ గంట లేకుండా బతకలేననిపించింది.

ఆ మర్నాడే మండలి నుంచి పిలుపు వచ్చింది. అధ్యక్షుడూ ఇన్‌స్పెక్టరుగారూ బల్లకు అటువైపు కూర్చున్నారు. వాళ్ళ ముందు తొమ్మిది పట్టికలు పరిచి ఉన్నాయి.

“చూస్తుంటే భయమేస్తోందమ్మా,” అన్నాడు ఇన్‌స్పెక్టరుగారు. “ఇంట్లో ఏమైనా కష్టమా?”

“కష్టమేం లేదండీ. ఏ రోజుది ఆ రోజు రాస్తున్నాను.”

“మరి ఇంతకుముందు?”

“ఆదివారమే నింపేసేదాన్ని. వారానికి సరిపడా.”

ఆయన కలానికి మూత పెట్టాడు. ఆమె ఆయన ముఖంలో ఆశ్చర్యం కోసం వెతికింది. కోపం వచ్చినా సరేననుకుంది. రెండూ కనిపించలేదు. ఆ సంగతి ఆయనకు ముందే తెలుసునని ఆమెకు ఆ క్షణంలో తట్టింది.

“ఆ మాట ఈ గది దాటకూడదు,” అన్నాడాయన. “మీరొక్కరే అలా చేశారని ఎవరూ అనుకోరు.”

“నేనొక్కదాన్నే అని నేనూ అనలేదండీ.”

అధ్యక్షుడు దగ్గాడు. వయసు మళ్ళిన మనిషి, మాట మెత్తన. “సాధనలో మీరు వెనక్కి పోతున్నారని పట్టిక చెబుతోందమ్మా.”

“మొదలైందే ఇప్పుడనిపిస్తోందండీ నాకు.”

“అలాగే కానివ్వండి. మీ మనసులో ఉన్నది మీకు తెలుసు, దేవుడికి తెలుసు. పట్టిక అలా కాదు, పదిమందీ చూసేది. దాన్ని మునుపటిలాగే ఇవ్వండి. లోపల మీ సాధన మీరు చేసుకోండి. ఎవరు వద్దన్నారు?”

పెద్దలంటే గౌరవంతో పెరిగిన మనిషి కావడంతో ఆవిరక్క జవాబు వెతుక్కోవలసి వచ్చింది.

“మా గదిలో మూట పైన ఒక పట్టీ ఉంటుందండీ. అది ఊరికే నల్లబడుతుంది. లోపలి ముక్క తెల్లగానే ఉండిపోతే, పైన నల్లగా ఉంది కదా అని ఆ కత్తి తీసి మిమ్మల్ని కొయ్యమంటారా?”

అధ్యక్షుడు మళ్ళీ దగ్గాడు. ఇన్‌స్పెక్టరుగారు పట్టికలు సర్దుకున్నాడు.

నాలుగో రోజున ఉత్తరం వచ్చింది. ‘సాధనలో తిరోగమనం, తోటి సభ్యుల విశ్వాసానికి భంగం కలిగించే ప్రసంగం’ అన్న కారణాలపై ఆమె సభ్యత్వం రద్దు చేసినట్టు, ఇకమీదట మౌనసభకు అనుమతి లేనట్టు రాశారు. ఆమె దాన్ని ఆడబిడ్డకు చదివి వినిపించింది. రెండోసారి చదివింది. మూడోసారి చదవబోతే ఆడబిడ్డ ఆపింది.

“ఎన్నిసార్లు దిద్దినా అదే అచ్చు వదినా. బళ్ళోంచి పిల్లను తీసేసేది ఫెయిలైతే. నువ్వు పాసయ్యావని తీసేశారు.”

ఆవిరక్క నవ్వలేకపోయింది. అయినా ఆదివారం వెళ్ళింది. పొరపాటేదో జరిగి ఉంటుందని, మనుషులు ఎదురుపడితే సర్దుకుంటుందని ఆమె ఆశ. మెట్ల పైన, తలుపు దగ్గర జాబితా పట్టుకుని పంతులమ్మ నిలబడి ఉంది.

“నీ పేరు లేదే,” అంది తల ఎత్తకుండా. “మీ ఆడబిడ్డ రావచ్చు.”

“నువ్వు నేర్పిన సంకల్పం మానేశాననా అక్కా?”

పంతులమ్మ కాగితం తిరగేసింది. ఆ కాగితం వెనుక ఏమీ లేదు.

ఆడబిడ్డ ఒక్కర్తే లోపలికి వెళ్ళింది, గోడ పట్టుకుని. పది నిమిషాల్లో తిరిగి వచ్చింది. ఆవిరక్క మెట్ల మీదే కూర్చుని ఉంది. ఆడబిడ్డ పక్కన కూర్చుని, ఆమె చెయ్యి వెతికి పట్టుకుంది.

“లోపల గోడకు కొత్తగా ఒక అద్దాల ఫ్రేము తగిలించారు వదినా. చేతికి తగిలింది. పక్కనున్నావిణ్ణి చదవమన్నాను. పట్టికట. అన్నీ టిక్కులే. పేరున్న చోట తెల్లకాగితం అంటించారట. కింద ‘భర్తృవియోగంలోనూ సమచిత్తం, సభ్యులకు ఆదర్శం’ అని రాశారట. తేదీలు కూడా చదివించుకున్నాను. అన్నయ్య పోయిన వారం అది.”

ఆ వారం ఏం జరిగిందో చెప్పాలి. సోమవారం పొద్దున భర్తను ఆసుపత్రిలో చేర్చారు, గురువారం పోయాడు. ఆవిరక్క వార్డు బయట నేల మీద పడి ఏడ్చింది. ఓదార్చబోయిన డాక్టరును నోటికి వచ్చినట్టు తిట్టింది. నాలుగు రోజులు మంచినీళ్ళు ముట్టలేదు. ఆదివారం పరామర్శకు వచ్చిన పంతులమ్మ, పోతూ పోతూ, అలమరలో ఉన్న పట్టిక తీసుకెళ్ళి మండలిలో అందజేసింది. అది అంతకుముందు ఆదివారమే, భర్త పక్క గదిలో పేపరు చదువుకుంటుండగా, నింపి పెట్టినది. శోకానికి లోబడ్డానా? ఏడు గడులు, ఏడు టిక్కులు.

మెట్ల మీద కూర్చున్న ఆవిరక్కకు పేరు కొట్టేసినప్పుడు రాని కన్నీళ్ళు అప్పుడు వచ్చాయి. లోపల మౌనం మొదలైంది. తనను బయటికి గెంటి, తన అబద్ధాన్ని మాత్రం గోడకెక్కించుకున్నారు. దాని కింద నూటయాభై మంది కళ్ళు మూసుకుని ఉన్నారు.

“పద, ఇంటికెళ్ళి రాద్దాం,” అంది ఆడబిడ్డ. “నువ్వు రాయి. తప్పుల్లేకుండా నేను వింటాను.”

ఆ పట్టికను దించమని మండలికి మూడు ఉత్తరాలు రాశారు. మూడూ చేరాయి. ఒక్కదానికీ జవాబు లేదు. పట్టిక ఇప్పటికీ గోడ మీదే ఉంది.

కనుక అధ్యక్షులవారూ, కార్యదర్శిగారూ, కార్యవర్గ సభ్యులారా, ఇది మీకు. నిన్నగాక మొన్న భర్తను పోగొట్టుకున్న మరో మనిషి రేపు మీ హాల్లోకి రావచ్చు. ఆ ఫ్రేము చదివి, తనకు ఏడుపు వచ్చినందుకు సిగ్గుపడవచ్చు. ఆ పాపం పట్టిక నింపిన ఆవిరక్కది కాదు. ఆమె తన వంతు మీ ముందే ఒప్పుకుంది. తెలిసీ వేలాడదీసిన మీది. దాన్ని దించండి. ఆమె పేరు తిరిగి చేర్చండి. నిజం రాసిన ఆ తొమ్మిది వారాల పట్టికలను, ఏ మైకులో అబద్ధాన్ని చదివారో ఆ మైకులోనే చదవండి. అది చేయలేమంటారా, ఒక్క పని చేయండి. మీలో ప్రతి ఒక్కరూ, కిందటి ఆదివారం అందజేసిన మీ సొంత పట్టికను ఏ రోజున, ఏ వేళకు నింపారో రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి పంపండి.